తన తొలి సంతకాన్ని తానే సరిదిద్దిన పురుగుల మేడమ్

1989 జూలై మూడో తేదీన జూనియర్ సైంటిస్టుగా ఈ నీటి పరీక్షా కేంద్రంలో అడుగుపెట్టిన మన సీనియర్ మేడమ్, ముప్పై ఐదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఇంట్లో వారు అమ్మ, అమ్మమ్మ. ఇక్కడ మాత్రం పురుగుల మేడమ్. ఆ పేరు పెట్టింది మేమే కాబట్టి క్షమాపణ చెప్పుకోవలసిందీ మేమే.

చేరిన ఏడాదే జలాశయంలోని చేపలను పరీక్షించే బాధ్యత వారిమీద పడింది. ఎగువనున్న బ్యాటరీల కర్మాగారం నీళ్లు పాడుచేస్తోందని వల వేసే ఒకాయన ఫిర్యాదు చేశారు. నీటిలోనూ, చేప కండలోనూ సీసం జాడ కనబడలేదు. కాలుష్యం లేదని మేడమ్ సంతకం చేశారు. ఊరంతా ఆయనను అబద్ధాలకోరు అంది. చేపల పేగులను మాత్రం అప్పటి పద్ధతి ప్రకారం బకెట్టులో పారేశారు.

అసలు సాక్ష్యం ఆ పేగుల్లోనే ఉందని పదేళ్ల తరువాత వారు గ్రహించారు. చేప పేగును కరచుకుని బతికే ముళ్లతల పురుగుకు నోరుండదు. ఒంటితోనే ఆహారాన్ని పీల్చుకుంటూ, సీసాన్ని చేప కండలో కంటే వందల రెట్లు తనలో పోగుచేసుకుంటుంది. మేము ముక్కు మూసుకుని నవ్వుతుండగా మేడమ్ పురుగులను ఏరారు, తూచారు, నిరూపించారు. కర్మాగారం మురుగుకాలువ మూతపడింది. తొలి ఏడాది నివేదిక తప్పో ఒప్పో తేల్చడానికి మాత్రం అప్పటి చేప ఒక్కటీ మిగల్లేదనుకున్నాం.

గత నెల బీరువాలు సర్దుతుంటే, తొలి ఏడాది కోయకుండా స్పిరిటులో దాచిన చేప ఒకటి గాజు జాడీలో బయటపడింది. మేడమ్ దాన్ని కోస్తానన్నారు.

"ఇంకో నెలలో హాయిగా వెళ్లిపోతారు. ఈ తలనొప్పి ఎందుకు మేడమ్?" అన్నారు డైరెక్టరు గారు.

"సంతకం నాది కదండీ. తప్పయితే నేనుండగానే తేలాలి."

తేలింది. పదకొండు పురుగులు, అన్నింటా సీసమే. ఇన్నేళ్ల మంచిపేరు ఒక్క కాగితంతో పోతుందేమోనని మేము భయపడుతుండగానే, తన నివేదిక తప్పని మేడమ్ సవరణ రాసి, తిన్నగా అప్పట్లో ఫిర్యాదు చేసిన ఆ వల వేసే ఆయన ఇంటికి వెళ్లారు.

"బాబాయ్, అప్పుడు మీరు చెప్పిందే నిజం. నేనే సరిగ్గా చూడలేదు" అన్నారు గుమ్మంలో నిలబడి.

ముసలాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "కాస్త గట్టిగా చదువమ్మా. లోపల మా ఆవిడ వినాలి. అప్పట్లో నన్ను నమ్మింది అదొక్కతే."

మేడమ్ చదివారు. తన నివేదిక తప్పన్న వాక్యాన్ని రెండుసార్లు చదివారని వెంట వెళ్లిన మా అటెండరు చెప్పాడు.

ఆ సవరణ ప్రతి ఇప్పుడు జాడీ పక్కనే ఉంది. మేడమ్ తాము కాపాడిన నీటినే తాగుతూ, మనవరాలి అల్లరి భరిస్తూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. ఈ మాట కింద మేమందరం నిశ్చింతగా సంతకం చేస్తున్నాం.