స్కూటరు మీట

థీమ్ పార్కు గేటు పక్కన, నడవలేనివాళ్ళకి బండ్లు అద్దెకిచ్చే కౌంటర్ ముందు భార్య కర్ర ఊతంగా నిలబడింది. కూతురు టికెట్ల వరుసలో ఉంది.

"బ్యాటరీ స్కూటరే తీసుకుందాం," అన్నాడు భర్త.

"వద్దండీ, చక్రాల కుర్చీ చాలు."

"వారం నుంచి స్కూటరు స్కూటరని నా ప్రాణం తోడేశావుగా! ఒకరు తోస్తే కూర్చోనన్నావు."

"మీట నొక్కిపట్టుకుంటేనే కదులుతుందట. ఇందాక నొక్కి చూశాను. వేళ్ళు మాట వినలేదు."

జబ్బు ఆమె కాళ్ళ దగ్గరే ఆగిందని అప్పటిదాకా అతని ధైర్యం.

"ఎప్పట్నుంచి?"

"పది రోజులుగా జడ మీచేత వేయించుకోవడం లేదూ?"

"ముచ్చటకనుకున్నానే."

"అలా అనుకోవాలనే. అదిగో, అమ్మాయి వస్తోంది. మొహం తుడుచుకోండి."

అతను తుడుచుకుని గొంతు పెంచాడు. "స్కూటరూ లేదు, గీటరూ లేదు! ఇవాళ మీ అమ్మని నేనే తోస్తాను!"