పేరు పక్కన పచ్చచుక్క

నెల క్రితం పోయిన స్నేహితుడి పేరు పక్కన, చాట్ గ్రూపులో పొద్దున్నే ఆన్‌లైన్‌లో ఉన్నట్టు పచ్చచుక్క వెలిగింది. అది చూసిన రిటైర్డ్ రైలు డ్రైవరు వెంటనే వాళ్లింటికి ఫోన్ చేశాడు. స్నేహితుడి భార్య ఎత్తింది.

"చెల్లెమ్మా, నేను మీవారి ఆన్‌లైన్ స్నేహితుణ్ణి. ఇంజనన్నా అని పిలిచేవాడు నన్ను. ఇందాక గ్రూపులో వాడి పేరు పక్కన పచ్చచుక్క వెలిగిందమ్మా!"

"అయ్యో, భయపడ్డారా అన్నయ్యగారూ? ఆయన ఫోన్ తెరిచింది నేనే."

"వాడు దెయ్యాల కథలు చెప్తుంటే ఇన్నేళ్లూ ఎగతాళి చేశాను. ఇవాళ మాత్రం చెమటలు పట్టేశాయి."

"మీతో రాజకీయాలు వాదిస్తూ ఆయన ఒక్కరే పకపకా నవ్వేవారు. ఆ నవ్వు ఎందుకో చూద్దామని పాతవన్నీ చదువుతున్నాను."

"రాత్రి ఎంత తిట్టుకున్నా, పొద్దున్నే 'కాఫీ తాగావా?' అని వాడే అడిగేవాడమ్మా. ఒక్కసారి కూడా ఎదురుపడలేదు మేము."

"మీకో మాట చెప్పనా? ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. నా ఓటు మొదట్నుంచీ మీ పార్టీకే."

"ఆఁ! వాడింట్లోనే మా మనిషా!" అతను పెద్దగా నవ్వాడు. "ఈ మాట ఇప్పుడే వాడికి రాసి ఉడికించాలని ఉంది చెల్లెమ్మా."

"రాయండి అన్నయ్యగారూ. ఆయన తరఫున నేను పోట్లాడతాను."