పెట్టెలవాడి ప్రార్థన

వడ్రంగి కొట్టు. గోడవారగా మూడు కొత్త శవపెట్టెలు నిలబెట్టి ఉన్నాయి. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని అతని భార్య వచ్చేసరికి వడ్రంగి స్టూలు మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"నిద్ర కాదే, ప్రార్థన."

"ప్రార్థనలో గురక కూడా పెడతారా?"

"అది గురక కాదు. మూలుగు. మనసు లోపల్నుంచి వచ్చింది."

"సరే, ఏమని మూలిగారు?"

"ఏముంది... వ్యాపారం నిలబడాలని."

"నిలబడటమంటే?"

"నిలబడటమంటే నిలబడటమే. నాలుగు ఆర్డర్లు రావాలని."

"ఆర్డర్లు రావాలంటే ఏం జరగాలి?"

"క్యారియరు విప్పు. ఆకలేస్తోంది."

"జవాబు చెప్పి తినండి. శవపెట్టెల కొట్టుకి ఆర్డరు రావాలంటే ఏం జరగాలి?"

"అక్కడికొచ్చే ఆగిపోతున్నానే. 'ప్రభువా, ఈ వారం కనీసం ఇద్దర్ని...' అంటాను. ఆపైన నాలుక తిరగదు. ఇద్దర్ని ఏం చెయ్యమనాలి?"

"ఇద్దరా! ఒక్కరు చాలరూ?"

"టేకు పెట్టె కొనేవాళ్ళైతే ఒక్కరు చాలు. మామూలు చెక్కయితే ఇద్దరు కావాలి."

"అంటే, డబ్బున్నవాళ్ళయితే దేవుడికి శ్రమ తక్కువ."

"ఎగతాళి చెయ్యకే."

"ఎగతాళా? మొన్న ఆదివారం మీరు చేసిన పనికి ఏడవాలో నవ్వాలో నాకింకా తేలలేదు."

"నేనేం చేశానూ?"

"ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని పాస్టరుగారు అడగ్గానే లేచిందెవరు?"

"అందరూ లేచారు. బట్టల కొట్టాయన లేచి గిరాకీ పెరగాలన్నాడు, ఆమెన్ అన్నారు. బేకరీ ఆవిడ లేచింది, ఆమెన్ అన్నారు. నేను లేచి, 'నా వ్యాపారం కూడా' అన్నా."

"సంఘం సంఘమంతా ఒక్కసారి దగ్గింది."

"ఒక్కరైనా ఆమెన్ అనొద్దూ?"

"ఎలా అంటారండీ? మీ వెనక కూర్చున్న టైలరు, వాళ్ళ ముసలి నాన్నని రెక్క పట్టుకుని లేపి అవతలి వరసలో కూర్చోబెట్టాడు. చూశారా?"

"చూశాను. ఆ పెద్దాయన నాకు వందనాలు చెప్పడం కూడా మానేశాడు."

"మరి మీ చూపు అలా తగలడింది. ఎవరైనా చెయ్యి కలిపితే చాలు, తలనుంచి కాళ్ళదాకా చూస్తారు."

"వడ్రంగి కన్నే అది. దానంతటది కొలుస్తుంది."

"పాస్టరుగారిని కూడా కొలిచారు."

"ఆరడుగుల రెండంగుళాలు. భుజాలు వెడల్పు."

"ఏమండీ!"

"నువ్వడిగావని చెప్పా."

"నేనెప్పుడడిగాను? కొట్టు పెట్టేటప్పుడే చెప్పాను. మంచాలు చెయ్యండి, బల్లలు చెయ్యండి, పెళ్ళివాళ్ళు కొంటారు అని. విన్నారా?"

"మంచాలు అందరూ చేస్తున్నారు. దీనికైతే పోటీ తక్కువ, ఎప్పటికీ ఆగని వ్యాపారం అనుకున్నా."

"మీరు తెరిచారు. ఆగిపోయింది."

"పెద్దవీధి శవపెట్టెల కొట్టుకి బానే నడుస్తోందిగా."

"అది వాళ్ళ తాతల నాటి కొట్టు, ఊరందరికీ అలవాటు. మనకి దిక్కు మన సంఘం ఒక్కటే. వాళ్ళు చూస్తే ఒక్కరికీ జలుబు కూడా చెయ్యట్లేదు."

"దేవుడు చూసుకుంటాడులే."

"ఆయన చూసుకుంటాడు, కాదనను. పొద్దున మీరు రాకముందు, నేను కొట్టు ఊడుస్తుంటే కలప డిపో ఆయన కూడా వచ్చి చూసుకుని వెళ్ళాడు. మీ చిత్రిక మిషన్ని చుట్టూ తిరిగి మరీ చూశాడు."

"ఏమన్నాడు?"

"బాకీ కోసం నెలాఖరు దాకా ఆగుతాడట. ఆ తర్వాత మిషన్ని ఎత్తుకుపోతాడట. మర్యాదగానే చెప్పాడు, మంచినీళ్ళు కూడా తాగాడు."

"ఆ పాత కంపెనీలోనే ఉండాల్సింది అంటావు."

"నేననలేదు."

"అనకపోయినా నీ మొహం అంటోంది. మామిడి చెక్కకి రంగు పూసి టేకని అమ్మమంటే ఎలా ఉండనే? దేవుడి మీద భారం వేసి బయటికొచ్చా."

"వచ్చినందుకు నేనేమన్నా అన్నానా? నాలుగు యూనిఫారాలు ఎక్కువ కుట్టాను. అంతే. మాట మార్చకండి. నిన్న ఆసుపత్రి మార్చురీ వాచ్‌మన్ ఇక్కడెందుకున్నాడు?"

"ఊరికే వచ్చాడు."

"మార్చురీ వాచ్‌మన్ ఊరికే వస్తాడా?"

"ఏదో మాట్లాడదామని."

"ఏం మాట్లాడదామని?"

"పచ్చడి లేదా ఇవ్వాళ?"

"ఉంది. చెప్తే పెడతా."

"అబ్బ! ఎవరైనా పోగానే మొదటి ఫోను నాకే చేస్తాడట. ఏడుస్తున్నవాళ్ళు బేరమాడరు, ధర రెండింతలు చెప్పు, సగం నాకివ్వు అన్నాడు. ఇప్పుడైనా పెట్టు పచ్చడి."

"వారానికి ఎందర్ని పంపుతానన్నాడు?"

"ముగ్గుర్ని."

"ముగ్గుర్నా! మీరు దేవుణ్ణి ఇద్దర్నేగా అడిగింది?"

"అందుకే భయమేసింది. దేవుణ్ణి అడిగినదానికంటే ఎక్కువిస్తానని ఎవడైనా వస్తే నమ్మొచ్చంటావా?"

"ఏమన్నారు మరి?"

"ఏడ్చేవాళ్ళ జేబులో చెయ్యి పెట్టడం నావల్ల కాదన్నా."

"అని?"

"అని పంపించేశా. తలుపేసుకుని కాసేపు బాధపడ్డా కూడా."

"ఎందుకు?"

"మిషన్ని చూస్తే బెంగొచ్చింది."

"...ఇదిగో పచ్చడి. ఇంకాస్త పెట్టనా?"

"కోపం లేదా?"

"ఉంది. వాచ్‌మన్ వచ్చాడని నిన్న రాత్రే చెప్పనందుకు. పంపేసినందుకు కాదు. తినండి."

గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. చర్చిలో గంట కొట్టే పెద్దావిడ వచ్చి నిలబడింది. ఆవిణ్ణి అందరూ గంటమ్మ అంటారు, ఆవిడ లేనప్పుడు.

"ఉన్నావా అబ్బాయ్?"

"రండి పెద్దమ్మా! ఏమే, ఆ స్టూలు ఇలా జరుపు. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. పడుకోడానికొచ్చా."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి, పెట్టెలో. కొలత చూసుకోవద్దూ? దాన్ని కింద పడుకోబెట్టు."

"అవేం మాటలు పెద్దమ్మా! నూరేళ్ళుండాల్సినవారు."

"ఎనభై రెండయ్యాయి. ఇంకో పద్దెనిమిదేళ్ళున్నా చివరికి పెట్టె కావాలిగా? ధరలు నాకోసం ఆగుతాయా? కానియ్యి."

"ఏమే, ఆవిడ చెయ్యి పట్టుకో. మెల్లగా... అంచు తగులుతుంది పెద్దమ్మా, మెల్లగా..."

"వదలండి, ఎక్కడం నాకొచ్చు. ఆ... అబ్బబ్బ! నడుముకి ఎంత హాయిగా ఉందో. మా ఇంట్లో పరుపు దీనిముందు ఎందుకూ పనికిరాదు."

"ఇరుకుగా లేదా పెద్దమ్మా?"

"మీ పెదనాన్నతో నలభయ్యేళ్ళు ఒక్క మంచం మీద పడుకున్నాను అమ్మాయ్. నాకు ఇరుకేంటి? అబ్బాయ్, తల దగ్గర చెక్క దండగ. రెండంగుళాలు తగ్గించు. ధర కూడా తగ్గించు."

"అందులో పడుకుని బేరమాడకండి పెద్దమ్మా. నేను చూడలేను."

"అయితే మూత వెయ్యి. కనపడకుండా ఆడతా."

"పెద్దమ్మా, మీ ఒంట్లో బాగానే ఉందిగా? నిజం చెప్పండి."

"గుండ్రాయిలా ఉన్నాను. పొద్దున గంట వినలేదూ? పక్క వీధి కుక్కలన్నీ లేచాయి."

"మరి ఇప్పుడే ఎందుకు పెట్టె?"

"పోయేదాకా దుప్పట్లు పెట్టుకుంటా. మా బీరువా తలుపు ఊడొచ్చింది."

"శవపెట్టెలో దుప్పట్లా!"

"దుప్పట్లకి తెలుస్తుందా ఏంటి? ఇదిగో డబ్బు. టేకుదే ఇవ్వు. మొత్తం ఉంది, చూసుకో."

"నాకొద్దు పెద్దమ్మా."

"ఏమండీ! ఏంటా మాట?"

"నువ్వాగవే. ఆదివారం సంఘమంతా దగ్గింది, ఈవిడ జాలిపడి వచ్చారు. ఇన్నేళ్ళు దాచుకున్నది నాకోసం తీసుకొచ్చారు. జాలి సొమ్ముతో కొట్టు నడపమని నేను దేవుణ్ణి అడగలేదు."

"జాలా? నీ మీదా? ఎందుకూ, రాయిలా ఉన్నావు."

"మరి ఏంటిది?"

"నష్టపరిహారం."

"దేనికి?"

"ముందు నన్ను లేపండి. పడుకుని చెప్పే మాట కాదు... అమ్మాయ్, ఆ చెయ్యి ఇలా ఇవ్వు... ఆఁ. మన సంఘంలో ఎవరైనా పోయి ఎన్నాళ్ళైంది?"

"ఐదు నెలల పదకొండు రోజులు. కొట్టు తెరిచిన వారానికి పోస్టుమాస్టరుగారు. అదే మొదటి పెట్టె, అదే ఆఖరిది."

"నేను ప్రార్థన మొదలుపెట్టి ఐదు నెలలు."

"ఏం ప్రార్థన?"

"ఈ ఏడు మన సంఘంలో ఎవర్నీ తీసుకెళ్ళొద్దని. రోజూ గంట కొట్టే ముందు మోకాళ్ళ మీద, పేరుపేరునా. నూట నలభై పేర్లు."

"నూట నలభయ్యా!"

"టైలరు నాన్నకి రెండుసార్లు. ఆయన దగ్గు నాకు నచ్చలేదు."

"పెద్దమ్మా! అంటే నేనిక్కణ్ణుంచి ఇటు లాగుతుంటే, మీరు అక్కణ్ణుంచి అటు లాగుతున్నారా?"

"నీ పొట్ట కొడుతున్నానని నాకేం తెలుసు అబ్బాయ్? ఆదివారం నువ్వు లేచి అడిగితే అప్పుడు తట్టింది. మూడు రోజులు నిద్రపట్టలేదు."

"చూశారా అండీ? దేవుడు ఆవిడది వింటున్నాడు, మీది వినట్లేదు."

"ఎలా వింటాడే? నాది సగంలో ఆపేస్తున్నాగా."

"అబ్బాయ్, సూటిగా అడుగుతున్నా. మానేయమంటే మానేస్తా. బతుకుతెరువు నీది. రేపు పొద్దున మోకాళ్ళు వంచకుండా గంట కొట్టేసి ఇంటికి పోతా. చెప్పు."

"ఏమే, ఈ క్యారియరు తీసెయ్యి."

"చెప్పవేం? మానెయ్యనా?"

"నన్నెందుకు అడుగుతారు పెద్దమ్మా..."

"ఇంకెవర్ని అడగను? టైలరు నాన్ననా?"

"వద్దు. మానొద్దు. ఒక్క పేరు కూడా వదలొద్దు."

"మరి మిషను సంగతేంటండీ?"

"పోతే పోనివ్వవే. చేతి చిత్రిక ఉంది, చేతులున్నాయి. ఈవిడికి దుప్పట్ల పెట్టె కావాలి. ఊళ్ళో ఇంకెందరి బీరువాలు ఊడిపోయాయో! ఆ రెండు పెట్టెలూ విప్పేసి, కాళ్ళు పెట్టి, తాళం గొళ్ళెం బిగిస్తా. మనుషులు బతికుండి వాడుకునేవే చేస్తా. అప్పుడు మొత్తం ప్రార్థన గట్టిగా, ఆఖరుదాకా చేసుకోవచ్చు."

"బేకరీ ఆవిడ పిండికి పెద్ద పెట్టె కావాలని వెతుకుతోంది. నాతోనే అంది."

"ఎప్పుడంది?"

"రెణ్ణెల్లైంది. మీ పెట్టెలు చూసి ఆవిడికి చెప్పడానికి నోరు రాలేదు."

"నాది మాత్రం మార్చకు అబ్బాయ్. దాని ఆకారం నాకు నచ్చింది. డబ్బు తీసుకో మరి."

"సరే పెద్దమ్మా, ఇప్పుడు తీసుకుంటా. రెండంగుళాలు తగ్గించినందుకు కాస్త వెనక్కిస్తా కూడా. ఇంతకీ ఒకటి చెప్పండి. ఎనభై ఏళ్ళు రాని ఆలోచన ఐదు నెలల కింద ఎందుకొచ్చింది? అప్పుడెవరికేమైంది?"

"ఎవరికేమైందా? అమ్మాయ్, వీడికి నువ్వు చెప్పలేదూ?"

"పెద్దమ్మా, ఆ మాట వద్దు. మీకు మంచినీళ్ళిస్తా, రండి."

"ఏం మాటే? అప్పుడు నేనే ఆసుపత్రిలో ఉన్నాగా, వారం రోజులు. అది మామూలు జ్వరమేనన్నావు?"

"మామూలు జ్వరమా! డాక్టరు చేతులెత్తేశాడు అబ్బాయ్, పెట్టె చూసుకోమన్నాడు. మీ ఆవిడ చెప్పులు కూడా లేకుండా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఇది అడిగింది ఒక్క పేరుకే. మిగతా నూట ముప్పైతొమ్మిదీ నేను కలిపా."