నేను పోయాక తెరిచే పెట్టె

అది కాదు రెక్స్, నీ కాగితాలు దాచిన లైబ్రరీలో నన్ను దొంగని చూసినట్టు చూశారు. నువ్వేమో ఆ కిటికీ మీద డబ్బాలో బూడిదై హాయిగా కూర్చున్నావు. నా పెన్ను తీసుకుని పెన్సిలు చేతిలో పెట్టారు. సంచీ బయట పెట్టించారు. అందులో ఏముందని? నా మాత్రలు, సగం కొరికిన గుమ్మడి బన్ను.

ముందు నవ్వొచ్చిందిలే. నువ్వు పారేయనివ్వని చెత్తంతా భద్రంగా ఉంది. ఊరేగింపుల కరపత్రాలు, ఆక్స్‌ఫర్డ్ వీధిలో మనం కండోములతో పాటు పంచిన బొమ్మల కార్డులు, నీ నవలల చిత్తుప్రతులు. ఒకదాని మీద నేనొలకబోసిన టీ మరక కూడా ఉంది. సాహిత్యంలో నాకు దక్కిన చోటు అదొక్కటే.

ఆఖరి పెట్టె కూడా అడిగాను. ఇమోజెన్ అని, అక్కడ పనిచేసే అమ్మాయి, మొహం ఎర్రబడింది.

"అది ఇవ్వకూడదండీ నెవిల్ గారూ. రెక్స్ గారు షరతు పెట్టారు."

"ఏమనమ్మా?"

"మీరున్నంత కాలం తెరవకూడదని."

"నేను పోయాక?"

"ఎవరైనా చూడొచ్చండీ."

విన్నావా? బస్సు దిగిన ప్రతివాడూ చూడొచ్చట. నేను తప్ప.

ఆ పెట్టె మోసిందెవరు? నువ్వు లేవలేని రోజుల్లో ఈ కాగితాలన్నీ సర్దింది నేను. సూపు కాచి తెచ్చేసరికి ఒక పెట్టెకి నువ్వే టేపు చుట్టేశావు. "బరువుగా ఉంటుంది, నడుం జాగ్రత్త" అన్నావు. నా నడుం మీద ఎంత ప్రేమో అని మురిసిపోయాను. గాడిద కూడా అంత సంబరంగా మోయదు.

టౌన్ హాల్ మెట్ల మీద మైకు పట్టుకుని ఏమన్నావు? ఈ ఎయిడ్స్ జబ్బుకన్నా ముందు దాపరికమే మనల్ని చంపేస్తోందన్నావు. అది విని నేను మనిద్దరి సంగతి మా అమ్మకి చెప్పాను, చర్చి బళ్లో చెప్పాను. పంతులు ఉద్యోగం ఊడింది. అంతా చేసి, నా దగ్గరే దాచావా?

ఏముంది అందులో? ఆ మెల్‌బోర్న్ వాడి ఉత్తరాలా? నా మీద తిట్లా? చెప్పేస్తే నాలుగు రోజులు అలిగి ఊరుకునేవాణ్ని కదా.

బస్సులో వస్తుంటే తట్టింది. మనిద్దరికీ అదే జబ్బు. నీ వెనకాలే నేనూ వచ్చేస్తాననుకున్నావు. అప్పుడు మనవాళ్లందరి లెక్కా అదే, చలికోటు కొనడానిక్కూడా ఆలోచించేవాళ్లం. ఈ మాత్రలొస్తాయని ఎవరు కలగన్నారు? ముప్ఫై ఏళ్లుగా నీ షరతుకి అడ్డం పడి బతుకుతున్నాను.

అయితే మాత్రం? ఆ కాస్త కాలానికైనా నా నుంచి దాచాలనే కదా అనుకున్నావు.

ఇమోజెన్ గుమ్మం దాకా వచ్చింది. నీ మీద పుస్తకం రాస్తోందట. "ఆరోగ్యం ఎలా ఉందండీ?" అనడిగింది, మర్యాదకే.

"దిట్టంగా ఉన్నానమ్మా. ఏమీ అనుకోకు" అన్నాను.

సరే, మాత్ర వేళయింది. ఇన్నాళ్లూ బతుకు మీద తీపితో మింగాను. ఇవాళ్టి నుంచి నీ మీద కోపంతో మింగుతాను. నన్ను చూడనివ్వని పెట్టె ఇంకెవరు చూస్తారో, నేనూ చూస్తాను.