జిద్దాకు మూడున్నర గంటలు

ఏమన్నవ్ అనూహ్యా, పట్నంల పదింటికి ఎక్కితే జిద్దాల ఒంటిగంటన్నరకే దిగుతవా? నర్సు కొలువుకు పోతున్నవు గని, మూడున్నర గంటలే అనుకుంటున్నవా? గా టికెట్టు సూసి మోసపోకు. గట్లనే అనుకొని మా జాహేదా భాబీ విమానమెక్కింది. మక్సూద్ భాయి భార్య. భాయి నకిరేకల్ల ఆర్టీసీ డ్రైవరు, నేను ఆయన బస్సుల పద్దెనిమిదేండ్లు టికెట్లు కొట్టిన. నువ్వప్పుడు హాస్టల్ల సదువుతుంటివి, అంతగ ఎరుకుండదు. బస్సు ఎన్నింటికి చేరుతదని ఎవరన్న అడిగితే భాయి నిమిషం గూడ తక్కువ చెప్పకపోయేది. ఒకసారి సూర్యాపేట కాడ పెండ్లోళ్లు... ఆఁ, గది వేరే ముచ్చటలే.

భాబీకి నడుము బాగలేకుండె. శానసేపు కూసోలేకపోయేది. పట్నం పోయినా నడుమ చౌటుప్పల్ల దిగి, జరసేపు నిలవడి, ఇంకో బస్సెక్కేది. కానీ మక్కా సూడాలని శాన ఆశ. తెలంగాణ వచ్చిన మరుసటేడు భాయి మక్కాకు ఉమ్రా యాత్ర పోదామన్నడు. కూసోలేనని భాబీ మొత్తుకుంది. గప్పుడు ఆయన టికెట్టు సూపిచ్చి, ఎక్కేదీ దిగేదీ సదివి, మూడున్నర గంటలే అన్నడు. భాబీ సరేనంది. అసలు సంగతేందంటే, జిద్దాల గడియారం మనకంటె రెండున్నర గంటలు ఎనక. దూరం నాలుగువేల కిలోమీటర్లు, కూసునేది ఆరు గంటలు. భాయికి ఎరుకే. నాతోని ఒక్కనితోనే చెప్పి, జిందగీల మొదటిసారి టైము తప్పు చెప్పిన రామచంద్రం, గది గూడ ఉమ్రాకు పోవుకుంట, అని తలకాయ పట్టుకున్నడు.

మూడున్నర గంటలు కాంగనే భాబీ సంచి సదురుకొని లేశి నిలవడ్డదట. కిందికి సూస్తే ఒట్టి ఎడారే. ఏంది, రాలేదా అంటే, జర లేటయితాందని ఈయన. పైన ఏమడ్డమొచ్చిందని ఆమె. మబ్బులని ఈయన. ఇగ భాబీ అటు ఇటు తిరుగుడు వెట్టింది. ఎనక సీట్ల మహబూబ్‌నగర్ ఆడోళ్లుంటే వాళ్లతోని ముచ్చట వెట్టింది. ఈయన నీళ్ల సీస పట్టుకొని ఆమె ఎనకనే. బెల్టు పెట్టుకోమన్నంకనే కూసుంది.

మక్కా సూసిండ్రు, కడుపునిండ ఏడ్సిండ్రు, నవ్వుకుంట తిరిగి బయలెల్లిండ్రు. తిరుగు టికెట్టు సూస్తే ఎక్కేదానికి దిగేదానికి నడుమ ఎనిమిది గంటలుంది. నేనెక్కనని భాబీ ఎయిర్‌పోర్టుల మొండికేసింది. ఇగ భాయి ఒప్పుకున్నడు.

"గడియారాల తేడా జాహేదా. గిది ఐదున్నర గంటలే, ఎనకనుంచి గాలి తోస్తది. వచ్చెటప్పుడు ఆరు పట్టింది. నీతోని అబద్ధం చెప్పిన."

భాబీ వేళ్ల మీద గంటలు లెక్కవెట్టిందట. ఆఖరికి, "అంటే నేను ఆరు గంటలొచ్చిన్నా?" అని నవ్విందట. ఇంటికొచ్చినంక బజారంత అదే చెప్పుకుంది. ఆయన అబద్ధం ఎవరికి గావాలె, తన నడుమే గొప్ప.

రెండేండ్లకు భాయి కాలం జేసిండు. నిరుడు భాబీ బిడ్డ సమీరాతోని మల్ల పోయొచ్చింది. ఖజూర్ పండ్లు తెచ్చిస్తే, ఈసారి నడుము ఎట్లుండె భాబీ అని అడిగిన.

"మంచిగనే ఉండె రామచంద్రం. కూసున్నకాడనే కూసున్న. లేవబుద్ధి కాలే," అన్నది.

ఆఁ... గా పెట్టెకు తాళం సరిగ వడ్డదా, సూడు బిడ్డా.