నిలబడ్డ బండి చప్పుడు

షెడ్డులో బానెట్ ఎత్తిన కారు. దాని మీద వంగిన మేస్త్రీ. పక్కన, పోయిన అన్న కారును ఇప్పుడు నడుపుతున్న తమ్ముడు.

"మళ్ళీ అడుగుతున్నా, ఎవడెక్కించాడురా నీ బుర్రకి?"

"ఎవరూ ఎక్కించలేదు బాబాయ్. ఆ కొత్త కామ్ టైమింగ్ సామాను వేస్తే బండి బాగుపడుతుందా లేదా, అది చెప్పు."

"అమ్మేవాడు చెప్పేంత బాగుపడదు. మెల్లగా పోయేటప్పుడు లాగుడు కాస్త పెరుగుతుంది, అది నిజం. స్పీడు మీద మాత్రం మీ అన్నా నేనూ అరగదీసి పెట్టిన, వాల్వులు తెరిచే కామ్ షాఫ్ట్ ఉందే, దాన్ని మించి పిసరు కూడా రాదు. దానికోసం ఇంజన్ హెడ్డు మార్చాలి, కంప్యూటర్ పెట్టాలి. బుద్ధున్నవాడు చేసే పనేనా?"

"ఆగి ఉన్నప్పుడు?"

"ఆగి ఉన్నప్పుడేంటి?"

"ఇంజన్ ఆన్‌లో ఉండి బండి నిలబడితే, ఈ గుడగుడ ఉంటుందా?"

"ఉండదు. ఇప్పుడు వాల్వులు తెరుచుకునే టైము ఒక్కటే. స్పీడుకి కుదురుతుంది, నిలబడితే కుదరదు. అందుకే ఆ కొట్టుకోవడం. నువ్వు చెప్పే సామాను ఆ టైముని స్పీడుని బట్టి అదే సర్దుతుంది. పిల్లి పడుకున్నట్టుంటుంది బండి."

"అయితే వేసెయ్."

"ఒరేయ్. ఆ చప్పుడు కోసం మీ అన్న ఈ షెడ్డులో ఎన్ని ఆదివారాలు... వీధి మలుపులో ఉండగానే వాడొస్తున్నాడని తెలిసిపోయేది నాకు. వాడు పోయి ఏడాది తిరగలేదు. మిగిలిందదొక్కటి. అదీ పీకేస్తానంటావు."

"వేసెయ్ బాబాయ్."

"వెయ్యను. నీకు బరువైతే నాకిచ్చెయ్, నేను దాచుకుంటా."

"అమ్మ ఇవ్వనివ్వదు."

"చూశావా. ఆవిడకున్న ప్రేమ నీకు లేదు. మీ అమ్మ ఎలా ఉంది?"

"ఉంది."

"ఉంది అంటే?"

"తిరుగుతోంది, వండుతోంది. మతిమరుపే... ఎక్కువైంది."

"మరి ఆవిడ్ని అడిగావా, ఈ చప్పుడు తీసేస్తానని?"

"అడగలేను."

"ఎందుకడగలేవు? అమ్మ దగ్గర దాచి చేసే పనులు నాతో పెట్టుకోకు."

"బాబాయ్, రోజూ సాయంత్రం గేటు ముందు బండి ఆపుతానా. ఈ చప్పుడు వినగానే అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తుంది. పెద్దోడొచ్చాడు, పెద్దోడొచ్చాడు అంటూ నవ్వుతూ గేటు తీస్తుంది."

"ఊఁ."

"ఆ తర్వాత దిగేది నేను కదా."