డబ్బాలో అమ్మగారు

కొండ మీద రాడార్ గది. లోపల పచ్చగీత తిరిగే ఒక తెర, గంటకోసారి మాట్లాడే ఒక డబ్బా, ఒక ఫోను, ఒక కిటికీ. తెర ముందు బావ, కిటికీ దగ్గర బావమరిది.

“…కడిగిన పళ్ళెంలా ఉంది బావా. ఒక్క మబ్బు లేదు.”

“తెల్లారుజామున?”

“తూర్పున కాస్త ఎర్రగా, పడమర కాస్త మసగ్గా. ఓ గద్ద వచ్చి రెండు చుట్లు తిరిగి పోయింది.”

“తెర మీద పడిందా?”

“ఏది?”

“గద్దరా.”

“గద్దలు పడవు బావా. విమానాలే పడతాయి.”

“పడ్డాయా?”

“వస్తే పడతాయి.”

“రాలేదా?”

“పడలేదు కాబట్టి రాలేదు.”

“ఇదిగో, ఇలాంటి మాటలు ఇవాళ మంత్రిగారి ముందు మాట్లాడకు. ఆయన అడిగితే ‘చిత్తం’ అను. అడక్కపోయినా ‘చిత్తం’ అను.”

“చిత్తం.”

“నాతో కాదు!”

“నోటికి అలవాటు చేసుకుంటున్నా.”

“నవ్వులాటగా ఉందా? మంత్రిగారి పక్కన ఎవరొస్తున్నారో తెలుసా? పక్కదేశం కల్నల్. ఈ రాడార్ మనకి అమ్మినాయన. అవతలి కొండ మీదకి ఇంకోటి అమ్ముదామని వస్తున్నాడు. మంత్రిగారికి మన పని నచ్చిందా, రెండు కొండలకీ నేనే పెద్దని. నచ్చలేదా, ఈ గదికి తాళం, మనిద్దరికీ ఇంటిదారి. నిన్ను ‘మా బామ్మర్దికి పక్కదేశం భాష వచ్చు’ అని చెప్పి ఇక్కడ పెట్టించింది ఎవరు?”

“నువ్వే బావా.”

“వచ్చా?”

“వచ్చు బావా. అక్కడ లాండ్రీలో పనిచేసొచ్చానా లేదా?”

“ఎన్నాళ్ళు?”

“ఓ వానాకాలం.”

“వానాకాలంలో లాండ్రీకి బట్టలు ఎవడేస్తాడురా?”

“అందుకేగా తిరిగొచ్చేశాను.”

“గుమ్మంలో ఎవరది?”

“నేనే అన్నయ్యగారూ. భోజనం తెచ్చాను. మీ బామ్మర్ది పొద్దున క్యారియరు మర్చిపోయారు.”

“రా చెల్లెమ్మా, రా. పెళ్ళయిన ఇన్నాళ్ళకి మీ ఆయన పనిచేసే చోటు చూశావన్నమాట. దారిలో కార్లు కనపడ్డాయా?”

“కింద మలుపు దగ్గర ఆగి ఉన్నాయి. మంత్రిగారి కారు వేడెక్కిందట, మూత తీసి నీళ్ళు పోస్తున్నారు.”

“అదీ పక్కదేశం వాళ్ళు అమ్మిందే.”

“ఇదేనా అన్నయ్యగారూ ఆ డబ్బా? దీనికోసమేనా మీ పెద్దాడి బడికి పైకప్పు వెయ్యలేదు?”

“మెల్లగా అనమ్మా. దేశరక్షణ. బడి కారితే పిల్లలు తడుస్తారు, దేశం కారితే అందరం తడుస్తాం. మంత్రిగారే అన్నారు సభలో.”

“ఇది ఎవరిని చూడటానికి?”

“వచ్చేవాళ్ళని.”

“ఎటునించి వస్తారు? మూడు దిక్కులా మా పుట్టింటి దేశమే. నాలుగో దిక్కు సముద్రం.”

“అవును.”

“సముద్రంలోంచి చేపలు వస్తాయా మన మీదకి?”

“చేపలెందుకొస్తాయి?”

“అయితే మావాళ్ళ మీద కన్నేసి ఉంచే యంత్రం మావాళ్ళ దగ్గరే కొన్నారా?”

“వాళ్ళకంటే గట్టిది ఎవరి దగ్గరుందమ్మా?”

“దొంగ దగ్గరే తాళం కొని, తాళంచెవి వాడి దగ్గరే ఉంచినట్టు.”

“ఒరేయ్, మీ ఆవిడకి చెప్పరా.”

“ఏయ్, బావ చెప్పినట్టు విను. బావా, టైమయింది. డబ్బాలో అమ్మగారు మాట్లాడబోతోంది.”

“లేచి నిలబడు చెల్లెమ్మా. ఇక్కడ అందరం లేస్తాం. …ఆఁ. …ఆఁ. అయిపోయింది. ఏమంది?”

“అంతా క్షేమం.”

“ఫోను ఇటివ్వు. …హలో, కొండ మీంచి మాట్లాడుతున్నా. అంతా క్షేమం. అవును సార్, గంట గంటకీ అదే మాట. చిత్తం. …ఎందుకమ్మా చీరకొంగు నోట్లో కుక్కుకుంటున్నావు?”

“ఏం లేదు అన్నయ్యగారూ.”

“నవ్వుతున్నావా?”

“లేదండీ. ఆవిడ ఏమందని చెప్పారు ఫోన్లో?”

“అంతా క్షేమమని.”

“అలాగని ఎవరన్నారు?”

“మీ ఆయన.”

“ఏమండీ?”

“కూర చల్లారిపోతుందేమో—”

“ఏమండీ!”

“అదే కదా అంది? ఇంచుమించు?”

“నీకు ఆ భాష వచ్చా చెల్లెమ్మా?”

“పుట్టిపెరిగింది అక్కడే. ఈ భాష మా అమ్మది, ఆ భాష మా నాన్నది. ఆవిడ ఏమందంటే, ‘గడువు అయిపోయింది. చూపు ఆపేశాం. కావాలంటే అమ్మినవాళ్ళతో మాట్లాడుకోండి.’”

“ఇంకోసారి చెప్పు తల్లీ.”

“చూపు ఆపేశాం.”

“ఎవరి చూపు?”

“దీనిదే.”

“మరి గీత తిరుగుతోందే!”

“గానుగెద్దూ తిరుగుతుంది అన్నయ్యగారూ. కళ్ళకి గంతలు కట్టాకే తిరుగుతుంది.”

“ఒరేయ్.”

“బావా.”

“ఇటు చూడరా.”

“చూస్తున్నా బావా.”

“ఇది ఎప్పుడైనా వేరే మాట అందా?”

“మొదట్లో ఏదో అనేది. నాలుగేళ్ళనించీ ఈ మాటే. నాకు బాగా తెలిసిన మాట వచ్చిందని సంబరపడ్డాను. లాండ్రీ యజమాని పొద్దుగూకగానే ఇదే మాట అనేవాడు బావా. అనగానే అందరూ నడుం విరుచుకుని, నవ్వుకుంటూ ఇళ్ళకి పోయేవాళ్ళు. అంత సంతోషం దేనికుంటుంది? క్షేమమేననుకున్నా.”

“అది ‘అయిపోయింది, ఇక కట్టెయ్యండి’ అనండీ!”

“కట్టేస్తే క్షేమమేగా!”

“నాలుగేళ్ళు! గంట గంటకీ పై ఆఫీసుకి చెప్పింది నేనురా. పండగనాడు కూడా వచ్చి చెప్పాను. జ్వరమొచ్చి దుప్పటి కప్పుకుని చెప్పాను.”

“ఈ నాలుగేళ్ళలో ఏమీ జరగలేదుగా బావా?”

“జరిగిందో లేదో మనకేం తెలుసు! మనం చూసింది గద్దనే కదా!”

“అన్నయ్యగారూ, కూర్చోండి. నీళ్ళు తాగండి.”

“కూర్చునేదేముందమ్మా? గంట తిరిగేసరికి వాళ్ళు ఇక్కడే ఉంటారు. ఇది మళ్ళీ నోరు విప్పుతుంది. మంత్రిగారికి అర్థం కాదు, కల్నల్‌కి అవుతుంది. ‘చూశారా, మీవాళ్ళకి గుడ్డి రాడార్‌కీ మంచి రాడార్‌కీ తేడా తెలీదు’ అంటాడు. కళ్ళు మూసింది వాడు. తిట్లు మనకి.”

“దాని నోరు నొక్కెయ్యలేరా?”

“తీగ పీకితే మాట పోతుంది బావా. గీత తిరుగుతూనే ఉంటుంది.”

“పీకితే? మంత్రిగారు కొండెక్కేదే ఇది మాట్లాడటం వినడానికి. అంత సొమ్ము పోసి కొన్నది మూగదైతే ఊరుకుంటారా?”

“అయితే ఎవరో ఒకరు మాట్లాడాలి బావా.”

“ఎవరు మాట్లాడతారు? దీనిది ఆడగొంతు. …నా వైపు చూడకండి అన్నయ్యగారూ. ఏమండీ, మీరు కూడా చూడకండి.”

“డబ్బా వెనక బూజుకర్ర పెట్టే సందు ఉందమ్మా. మనిషి పడుతుంది.”

“నేను బూజుకర్రనా?”

“తల్లీ, నీ కాపురం ఈ ఉద్యోగం మీదే ఉంది. నాదీ అంతే. వాళ్ళ భాషలో ‘అంతా క్షేమం’ అను. ఆ ఒక్క మాట చాలు. ఇంకేం అనకు.”

“గొంతు ఎలా ఉండాలి?”

“కాస్త ముక్కుతో. విసుగ్గా. ఎదుటివాడు ఎందుకూ పనికిరాడని తెలిసినట్టు.”

“మా అత్తగారిలాగా?”

“మా అమ్మ అలా మాట్లాడదు!”

“అయితే మీ అక్కలాగా.”

“ఆఁ, అదీ! సరిగ్గా మా ఆవిడ గొంతే. అలాగే అను చెల్లెమ్మా, నేను కూడా నిజమనుకుని లేచి నిలబడతాను.”

“బావా, కార్లు!”

“పీకు తీగ! దూరు చెల్లెమ్మా! క్యారియరు బల్ల కింద పెట్టు. నువ్వేమంటావురా?”

“చిత్తం.”

మంత్రిగారి కార్లు కొండ దిగిపోయాయి. గదిలో నేల మీద చాప పరిచి ఉంది. మూడు పళ్ళేలు.

“…బతికించావు తల్లీ! నీ నోట్లో చక్కెర పొయ్యాలి.”

“ముందు నా జుట్టులో బూజు తియ్యనివ్వండి. ఏమండీ, వెనక చూడండి.”

“సాలీడు ఒకటుంది. కదలకు.”

“ఆ గొంతు! ‘గంట అయింది, ఇప్పుడు మాట్లాడుతుంది వినండి’ అని మంత్రిగారికి చెప్పాను. ఒక్కసారిగా డబ్బాలోంచి మా ఆవిడ! చేతులు కట్టుకుని నిలబడిపోయాను.”

“మంత్రిగారు కూడా లేచారు బావా.”

“లేవరూ! ఆయనకీ ఇల్లుందిగా. తర్వాత ఆయన ‘ఏమంటోంది?’ అని వీణ్ణి అడిగారు. వీడు నోరు తెరిచాడు. నా ప్రాణం పోయింది.”

“చిత్తం అందామని తెరిచా.”

“ఈలోపు కల్నలే అందుకున్నాడమ్మా. ‘అంతా క్షేమం అంటోందండీ’ అన్నాడు.”

“చూశావా! కల్నల్‌కీ నాకూ ఒకటే అర్థం తోచింది.”

“నువ్వు లాండ్రీ అర్థం చెప్పావు. ఆయన నిజం అర్థం చెప్పాడు.”

“అర్థమైతే అర్థమేగా బావా.”

“ఒక్కటే నాకు అంతుపట్టలేదు చెల్లెమ్మా. నువ్వు సందులో ఉన్నావు, నీకు కనపడలేదు. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. ఊరికే భుజాలు తడుముకున్నాడు.”

“అవును బావా, నేనూ చూశా. రెండు భుజాలూ. పట్టీల మీద బూజు పడిందేమో అనుకున్నా.”

“అదీకాక, మంత్రిగారు ‘మరి రెండో రాడార్ ఎప్పుడు పంపుతారు?’ అని అడిగితే ఏమన్నాడు?”

“‘రెండోది ఎందుకండీ, మీకు ఇదే ఎక్కువ’ అన్నాడు.”

“అమ్మడానికి వచ్చినవాడు అలా అంటాడా ఎక్కడైనా? మంచినీళ్ళు కూడా ముట్టకుండా కారెక్కాడు. మంత్రిగారేమో ‘అయితే ఆ సొమ్ము మిగిలినట్టే’ అని లొట్టలేశారు.”

“బడికి కప్పు వేస్తారేమో అన్నయ్యగారూ.”

“లొట్టలేస్తూ ఎవరూ బడికి కప్పు వెయ్యరమ్మా. పోనీలే. మన గదికి తాళం పడలేదు, అది చాలు. రెండో కొండ రాకపోతే పోయింది. వడ్డించు.”

“అయ్యో, చల్లారిపోయింది.”

“పరవాలేదు. …చెల్లెమ్మా.”

“ఆఁ.”

“మీ భాషలో ‘అంతా క్షేమం’ అనేది అంత పొడుగ్గా ఉంటుందా?”

“ఉండదండీ. రెండే ముక్కలు.”

“నువ్వు చాలాసేపు మాట్లాడావే.”

“కూర వేసుకోండి.”

“వేసుకుంటా. చాలాసేపు మాట్లాడావు.”

“ఉప్పు సరిపోయిందా?”

“ఇంకా నోట్లో పెట్టుకోలేదు. ఏమన్నావమ్మా?”

“ఏమండీ, మీరు చెప్పండి, ఉప్పు—”

“బావ అడిగిందానికి చెప్పవే.”

“అక్కడ కూర్చున్నానా, చీకటి. సాలీడు మెడ మీదకి పాకింది. ఒళ్ళు మండింది. అమ్మేవాళ్ళే కళ్ళు మూసి, మళ్ళీ అమ్మడానికి వస్తారా అనిపించింది. పుట్టిల్లయితే ఏం, అన్యాయం అన్యాయమేగా. ఆ మండేది మాటలో వచ్చేసింది.”

“ఏమని వచ్చింది?”

“‘రాత్రిళ్ళు మీ విమానాలు ఈ కొండ మీంచి పోతున్నాయి. అన్నిటినీ చూస్తూనే ఉన్నాను.’ అదీ.”

“అమ్మో!”

“నువ్వుండరా. …నువ్వు చూశావా తల్లీ, విమానాల్ని?”

“నేనెక్కడ చూస్తానండీ? మీ బామ్మర్ది గురకలో విమానమొచ్చి పక్కన దిగినా వినపడదు.”

“ఎవరైనా చెప్పారా?”

“ఎవరూ చెప్పలేదు.”

“మరి అవి వస్తున్నాయని నీకెలా తెలుసు?”

“నాకు తెలీదు అన్నయ్యగారూ. గుమ్మడికాయల దొంగ ఎవరని మాత్రం అడిగాను. భుజాలు తడుముకున్నది మీరే చూశారుగా.”

గంట దాటిపోయింది. ఫోను మోగింది. ఎవరూ లేవలేదు. ముగ్గురూ తలలు వంచుకుని చల్లారిన అన్నం తిన్నారు.